మధుర, కోయంబత్తూరు సీమల తెలుగు పాటయు, నాటకరంగమును

మధుర, కోయంబత్తూరు మండలములలో తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు పెక్కు గ్రామములందు కలవు. కమ్మవారు, బలిజలు, గవరలు, రాజకంబళపు నాయకులు, తెలుగు చెట్టివారు, తెలుగు మాటాడు అరుంధతీయులు మున్నగు పలు వర్గములవారు అందున్నారు. వీరిలో చాలమంది ఇంట తెలుగు మాటాడుదురు. బడిలో తమిళము చదువుదురు. ఉత్తరము తమిళముననే వ్రాయుదురు. ఇట్టి సమాజమునకు ఇరువదవ శతాబ్దమున నాటకరంగ చరిత్ర కలదా యని ప్రశ్నించినచో, లేదనియే పలువురు చెప్పుదురు. నాయకరాజులతోడనే అచ్చట తెలుగు నాటకము ముగిసెననియు, ఆ పిమ్మటి రంగస్థలమంతయు తమిళులదే యనియు సామాన్యముగా తలంపబడుచున్నది.

ఈ యభిప్రాయము సగము మాత్రమే నిజము. నాటకమునకు మాటయు పాటయు రెండంగములు. మాటకు అర్థము తెలిసిన శ్రోత కావలెను. పాటకు చెవియొగ్గు శ్రోత యున్న చాలును. ఈ సీమలలో రంగస్థలముమీది మాట తమిళమైనది. పాట మాత్రము అంత త్వరగా మారలేదు. అది కొంతకాలము తెలుగుగనే నిలిచినది. మరికొంతకాలము తెలుగు వరుసతోనే తమిళ పదములను ధరించి నడచినది. మాటయు పాటయు ఎట్లు వేరుపడెనో, దానివలన ఎవరికేమి మిగిలెనో తెలిసికొనినగాని దక్షిణదేశపు తెలుగువారి నాటకచరిత్ర తెలియదు.

నాయకరాజుల నాటి స్థితి

మధుర నాయకరాజ్యము విశ్వనాథ నాయకునితో 1529 ప్రాంతమున ఆరంభమై 1736లో అంతరించెను. దేశము 72 పాళెములుగా విభజింపబడినప్పుడు వానిలో పెక్కు తెలుగు నాయకుల వశమయ్యెను. వారివెంట సైనికులు, కృషీవలులు, వర్తకులు, చేతిపనులవారు దక్షిణమునకు తరలిరి. ఈ రాకను గూర్చి కంబళపు నాయకులలో నొక గాథ కలదు. శత్రువులు తరుముకొని రాగా వారి పూర్వులు పొంగి పారు నదియొడ్డున చిక్కుపడిరట. అప్పుడు ఇరుగట్టులందలి కానుగచెట్లు వంగి వంతెనగా నిలిచి వారిని దాటించెనట. గాథ చరిత్రకు ప్రమాణము కాకపోవచ్చును. కాని వ్రాతను నమ్ముకొనని సమాజము తన రాకను ఎట్లు జ్ఞప్తియందుంచుకొనెనో అది తెలుపుచున్నది.

తిరుమల నాయకుని కాలమున (1623–1659) క్షేత్రయ్య మధురకు వచ్చి సత్కారము పొందెను. ఈ సంగతిని ఆయనయే తన పదమొకదానియందు చెప్పుకొనెను. పదము వినుటకే గాక అభినయించుటకును ఏర్పడిన రచన. ఒక నర్తకి, ఒక గాయకుడు, ఒక నట్టువుడు, ఒక మద్దెల యున్న చాలును; తెర అక్కరలేదు, వేషముల పెట్టె అక్కరలేదు. చిన్నరంగస్థలమునకు ఇంతకంటె చిన్నరూపము ఉండబోదు.

విజయరంగ చొక్కనాథుని కాలమున (1706–1732) మధుర మరియొక కీర్తిని గడించెను. అది తెలుగు వచనమునకు సంబంధించినది. ప్రభువు స్వయముగా శ్రీరంగమాహాత్మ్యమును, మాఘమాహాత్మ్యమును వచనమున రచించెను. ఆయన యాస్థానమునందలి సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతమును, సారంగధర చరిత్రమును వచనకావ్యములుగా వెలయించెను. పద్యమే సారస్వతమని తలచెడి దినములలో వచనమునకు కావ్యగౌరవము కలిగించిన ఘనత మధురది. అట్టి సీమయందే తరువాతి కాలమున రంగస్థలముపై తెలుగు వచనము మూగవోవుట విచిత్రముగా తోచును.

కారణము కష్టసాధ్యమైనది కాదు. వచనమునకు వ్రాయసకాడు, చదువరి, పోషకుడు కావలెను. 1736 తరువాత ఆస్థానముతోపాటు ఆ మువ్వురును పోయిరి. పాటకు అట్టి యాధారములు అక్కరలేదు. అది దేవాలయమునందు, భజనకూటమునందు, పెండ్లిపందిటియందు, ఉయ్యాలచెంత నిలువగలదు. పైగా పందొమ్మిదవ శతాబ్దమున త్యాగరాజు (1767–1847) కీర్తనలు శిష్యపరంపర ద్వారా దక్షిణదేశమంతట వ్యాపించుటచే, తెలుగు మాటాడనివారి కంఠములందును తెలుగు పాట నెలకొనెను. 1904లో సుబ్బరామ దీక్షితులు తన సంగీత సంప్రదాయ ప్రదర్శినిని ప్రకటించినది, ఒకప్పుడు మధుర నాయకుల పాళెములలో చేరిన ఎట్టయాపురమునందే. ఆ మహాగ్రంథము అచ్చయినది తెలుగు లిపిలో. దానిని పోషించినవారు కంబళపు నాయకులైన ఎట్టయాపుర ప్రభువులు. తమిళదేశము నడుబొడ్డున తెలుగు వచనము మరుగుపడిన చిరకాలమునకు, తెలుగు పాట అంతటి గ్రంథమును అచ్చొత్తించుకొనగలిగెను.

బళ్లారినుండి మదరాసునకు

మధుర రంగస్థలమును అర్థము చేసికొనుటకు ముందు మదరాసున జరిగిన ఒక సంఘటనను తెలిసికొనవలెను. తమిళ నాటకమునకు నూతన గౌరవము కలిగినది అచ్చటనే. 1891లో ధర్మవరము రామకృష్ణమాచార్యుల (1853–1912) సరసవినోదినీ సభ బళ్లారినుండి మదరాసునకు వచ్చి తెలుగు నాటకములను ప్రదర్శించెను. చదువుకొన్న పెద్దమనుష్యులు వేషము కట్టుట అవమానకరమని యెంచెడి రోజులవి. ఆ ప్రదర్శనములను చూచినవారిలో పమ్మల్ సంబంధ మొదలియారు (1873–1964) ఒకరు. విద్యావంతులు ఇట్లు తెలుగున ఆడగా తమిళమున ఏల ఆడరాదను సంకల్పముతో ఆయన మిత్రులతో కలిసి 1891 జూలై 1వ తేదీన సుగుణవిలాస సభను స్థాపించెను. అచ్చట తమిళముతోపాటు తెలుగు నాటకములును ఆడబడెను. బళ్లారి రాఘవ (1880–1946) ఆ సభారంగముపై నటించెను.

ధర్మవరమువారు తెలుగు నాటకమున పాటలను ప్రవేశపెట్టినవారుగా ప్రసిద్ధులు. ఆయన రచించిన విషాద సారంగధర తెలుగున తొలి విషాదాంత నాటకములలో నొకటి. సారంగధరుని కథ తెలుగుదేశమునకు సొంతమైనది. సవతితల్లి చిత్రాంగి పన్నిన నిందకు బలియై కాలుసేతులు కోల్పోయిన రాజమహేంద్రవర రాజకుమారుని వృత్తాంతమది. గౌరన నవనాథ చరిత్రమున దీనిని చెప్పెను. తంజావూరున రఘునాథ నాయకుని యాస్థానమందు చేమకూర వేంకటకవి పద్యకావ్యముగా రచించెను. మధురలో వేంకటకృష్ణప్ప నాయకుడు వచనమున వ్రాసెను. సంబంధ మొదలియారు దీనినే తమిళ నాటకముగా మలచెను. 1936లో కె. సుబ్రహ్మణ్యము నవీన సారంగధర యను తమిళ చిత్రమును తీయగా అందు ఎం.కె. త్యాగరాజ భాగవతార్ (1910–1959) పాడి నటించెను. 1957లో తెలుగు చిత్రమునందును, 1958లో తమిళ చిత్రమునందును చిత్రాంగిగా భానుమతియే కనిపించెను. గోదావరి తీరమున పుట్టిన కథ మధుర, తంజావూరులలో తెలుగు మాట విడిచి తమిళము నేర్చిన క్రమము ఈ యొక్క ఇతివృత్తము చరిత్రచేతనే స్పష్టమగుచున్నది.

మధుర బాలసభలు

ఇరువదవ శతాబ్దారంభమున మధుర తమిళ నాటకమునకు ముఖ్యస్థానమయ్యెను. తమిళ నాటకాచార్యుడని కీర్తి గాంచిన శంకరదాస స్వాములు (1867–1922) 1918లో మధురయందు తత్వమీనలోచనీ విద్వద్బాలసభను నెలకొల్పెను. తరువాత ప్రసిద్ధులైన టి.కె. షణ్ముగము సోదరులు బాల్యమున చేరినది అందే. జగన్నాథ అయ్యరు బాలసభ, మధుర ఒరిజినల్ బాయ్స్ కంపెనీ మున్నగునవియు ఆ కాలముననే వెలసెను. పేదయిండ్ల బాలురు ఇట్టి సభలలో చేరి, అచ్చటనే తిని, అచ్చటనే పాట నేర్చి, వేషము మారి, ఊరూర తిరుగుచుండిరి.

ఈ సభల నాటకములలో పాట ప్రధానము. పాత్ర ప్రవేశించినను పాటయే, కోపించినను పాటయే, చనిపోవునప్పుడును పాటయే. ఇన్ని పాటలకు ఇన్ని కొత్త వరుసలు ఎచ్చటినుండి రావలెను? నాటకపు పాటల పుస్తకములలో ప్రతి పాటపై దాని మెట్టు, అనగా ఏ పాత పాట వరుసలో పాడవలెనో సూచించెడి ఆచారముండెను. అట్లు ఆధారములైన వరుసలలో పారసీ నాటకపు వరుసలు, హిందూస్తానీ వరుసలతోపాటు త్యాగరాజ కీర్తనలును, తెలుగు జావళులును కలవు. తమిళ కవి తెలుగు పాట నడకను చెవిలో నుంచుకొని దానికి సరిపడు తమిళ పదములను కూర్చెను. గురులఘువుల తీరు, పల్లవి తిరుగు చోటు, చరణము వాలు చోటు తెలుగువి; అర్థము మాత్రము తమిళము.

మధుర వీధులలో ఈ నాటకములను చూచినవారు ఒక్క తమిళులే కారు. తెలుగు కుటుంబములతోపాటు పట్టునేత వృత్తిగా గల సౌరాష్ట్రులును ఆ నగరమున అధికసంఖ్యలో కలరు. వారును తమ భాషను ఒకప్పుడు తెలుగు లిపిలో వ్రాసికొనెడివారు. త్యాగరాజ శిష్యులలో ముఖ్యుడైన వాలాజపేట వేంకటరమణ భాగవతులు సౌరాష్ట్రుడే. ఇట్లు ముత్తెరగుల ఇంటిభాషలు గల ప్రేక్షకులు ఒక్క పందిటిక్రింద చేరినప్పుడు, సంభాషణము అందరికిని తెలిసిన తమిళమున నుండుట సహజము. వరుస అందరికిని పరిచితమైన కీర్తన వరుసయగుటయు అంతే సహజము. తెలుగు మాటను ఎవరును వెడలగొట్టలేదు. టిక్కెట్టు కొని వచ్చిన జనసమూహముయొక్క అవసరమే దానిని తొలగించినది.

మాటాడు చిత్రము

ఈ సంధికాలమునకు ప్రత్యక్షసాక్ష్యము 1931 అక్టోబరు 31వ తేదీన మదరాసున విడుదలయైన కాళిదాస్ చిత్రము. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళమున మాటాడగా, నాయకుడు పి.జి. వేంకటేశన్ తెలుగున మాటాడెను. దానికి తమిళ పాటలను వ్రాసినవారు మధురకవి భాస్కరదాస్ (1892–1952). ఆయన మధుర నాటకసభలకును, గ్రామఫోను పలకలకును పాటలు వ్రాసి పేరుగన్నవారు. త్యాగరాజ కీర్తనలును అందు పాడబడెను. ఆ చిత్రపు ప్రతి నేడు లభింపదు. నాయకుడొక భాషలోను, నాయిక వేరొక భాషలోను మాటాడుట నేటివారికి నవ్వు తెప్పించును. కాని మధుర నాటకరంగమునకు అలవాటుపడిన ప్రేక్షకునకు మాటయొక్క భాషకంటె పాటయొక్క వరుసయే ముఖ్యమని తలంచినచో, ఆ విడ్డూరము విడ్డూరముగా తోచదు.

అటుపిమ్మట అట్టి మిశ్రమము నిలువలేదు. మాటాడు చిత్రములు ఒక్కొక్క భాషకు ఒక్కొక్కటిగా విడివడెను. రంగస్థలముమీద మెల్లగా జరిగిన విభజన తెరమీద కొలది యేండ్లలోనే పూర్తియయ్యెను.

కోయంబత్తూరు చిత్రశాలలు

కోయంబత్తూరు చరిత్ర వేరొక తీరుగ నడచెను. 1905లో సామికన్ను విన్సెంట్ (1883–1942) సంచార చలనచిత్ర ప్రదర్శనములను ఆరంభించి, 1914లో కోయంబత్తూరున వెరైటీ హాలును నిర్మించెను. 1930వ దశకమున సెంట్రల్ స్టూడియో, 1945లో ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు స్థాపించిన పక్షిరాజా స్టూడియో వెలసెను. మధుర బాలసభలలో తర్ఫీదు పొందిన నటులకును, గాయకులకును, హార్మోనియము వాయించువారికిని ఈ చిత్రశాలలు కొలువులిచ్చెను. జగన్నాథ అయ్యరు సభలో బాల్యము గడపిన ఎస్.ఎం. సుబ్బయ్య నాయుడు (1914–1979) అచ్చట సంగీతదర్శకుడయ్యెను. మధుర సౌరాష్ట్ర కుటుంబమున జన్మించిన టి.ఎం. సౌందరరాజన్ (1922–2013) తొలి చిత్రగానము, 1950 నాటి కృష్ణవిజయమునందు, సుబ్బయ్య నాయుడు చేతిక్రిందనే వెలువడెను.

1954లో శ్రీరాములు నాయుడు మలైక్కళ్ళన్ అను తమిళ చిత్రమును, అదే కథతో అగ్గిరాముడు అను తెలుగు చిత్రమును తీసెను. తమిళమున ఎం.జి. రామచంద్రన్, తెలుగున ఎన్.టి. రామారావు నాయకులు, నాయిక రెంటను భానుమతియే. 1955లో ఈ కథయే ఆజాద్ అను పేర హిందీచిత్రమయ్యెను. అగ్గిరాముడునందు షేక్ నాజర్ (1920–1997) చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథ చేర్చబడినది. గుమ్మెటతో, తంబురతో, ఇద్దరు వంతలతో సాగు ఆంధ్రదేశపు చిన్నరంగస్థలము ఇట్లు కోయంబత్తూరు చిత్రశాలద్వారా తెరకెక్కెను. అయితే ఆ తెలుగు చిత్రము ఉద్దేశింపబడినది ఆంధ్రదేశపు ప్రేక్షకులకు. చిత్రశాల చుట్టునున్న పల్లెలలో తెలుగు మాటాడు రైతు చూచినది తమిళ చిత్రమును. అతని యూరిచెంత తయారైన తెలుగు సంభాషణము ఉత్తరమునకు తరలిపోయెను.

కట్టబొమ్మన, దేవరాట్టము

ఈ విభజన యెంత దూరము పోయెనో తెలుపుటకు మరియొక నిదర్శనము కలదు. పాంచాలంకురిచ్చి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన కంబళపు నాయకుల వంశీయుడు. ఆంగ్లేయుల నెదిరించి 1799 అక్టోబరు 16వ తేదీన కయత్తారున ఉరితీయబడెను. ఆయన కథను దక్షిణదేశపు గ్రామములలో కథాగేయములుగా పాడిరి, వీధినాటకములుగా ఆడిరి. 1957లో శివాజీ గణేశన్ నాటకసంఘము శక్తి కృష్ణస్వామి రచించిన వీరపాండ్య కట్టబొమ్మన్ నాటకమును ప్రదర్శించెను. 1959లో అది చిత్రమయ్యెను. అందలి సంభాషణములు తమిళదేశమంతట బాలురకు కంఠపాఠమయ్యెను. ఆ చిత్రమే వీరపాండ్య కట్టబ్రహ్మన్న యను పేర తెలుగునకు అనువదింపబడెను. తెలుగు ఇంటిభాషగా గల వీరుడు తమిళమున గర్జించి, ఆ తమిళమునుండి తెలుగునకు తిరిగివచ్చెను.

ఆయన వంశీయులైన కంబళపు నాయకులు నేటికిని తమ పండుగలందును, పెండ్లిండ్లయందును దేవరాట్టమును ఆడుదురు. దేవదుందుభి యను వాద్యము మ్రోగగా, తలపాగాలు చుట్టి, చేత రుమాళ్లు పట్టి, వరుసలు తీరి అడుగులు వేయుదురు. ఆ యాటమునకు పాట లేదు. వాద్యపు దెబ్బయే దానికి భాష. మాట మొదట పోయి, పాట పిమ్మట పోయినను, అడుగు మిగిలియున్నదని దీనివలన తెలియుచున్నది.

మేలట్టూరు సాక్ష్యము

మాట పోవుట అనివార్యమా? కాదనుటకు తంజావూరు సీమలోని మేలట్టూరు సాక్ష్యము. అచ్యుతప్ప నాయకుడు 510 కుటుంబములకు దానముచేసెనని చెప్పబడు ఆ గ్రామమున, మేలట్టూరు వేంకటరామశాస్త్రి రచించిన ప్రహ్లాద చరిత్రము మున్నగు తెలుగు నాటకములను నేటికిని నృసింహజయంతికి ఆడుచున్నారు. ఆడువారు పగలు తమిళమున వ్యవహరింతురు. రాత్రి రంగముపై తెలుగున మాటాడుదురు, తెలుగున పాడుదురు. అచ్చట మాట నిలుచుటకు హేతువులు మూడు కానవచ్చుచున్నవి. నాటకము దేవాలయపు ఉత్సవదినముతో ముడిపడియున్నది. పాఠము వ్రాతప్రతులలో భద్రముగ నున్నది. పాత్రలు కుటుంబ పరంపరగా సంక్రమించుచున్నవి. ప్రేక్షకునకు అర్థము కాకున్నను అది మారలేదు, ఏలన అది టిక్కెట్టుపై ఆధారపడలేదు.

చెకు దేశపు నిదర్శనము

ఇట్టి ప్రశ్నయే ఐరోపాలో చెకు ప్రజల ముందును నిలిచినది. చిరకాలము జర్మను భాషాధికారము క్రింద నున్న ఆ ప్రజలు ప్రజల చందాలతో ప్రాగ్ నగరమున జాతీయ నాటకశాలను నిర్మించుకొనిరి. 1881లో తెరువబడి ఆ యేడే అగ్నికి ఆహుతియైన దానిని మరల కట్టి 1883లో తెరచిరి. అటుపిమ్మట పెద్ద నాటకశాలయే గాక చిన్నరంగములును వెలసెను. 1927 మొదలుకొని వొస్కోవెట్స్, వెరిఖ్ అను నటకవులు ప్రాగ్ నగరమున హాస్యనాటకములను ఆడగా, దాదాపు అంధుడైన యారోస్లావ్ యెజెక్ (1906–1942) వానికి స్వరములు కూర్చెను. 1938లో ఆ రంగము మూయబడెను; మువ్వురును అమెరికాకు వలసపోయిరి; యెజెక్ అచ్చటనే మరణించెను. 1959లో సుఖీ, శ్లిట్ర్ అనువారు సెమాఫోర్ అను చిన్నరంగమును స్థాపించిరి. నాటకములు మరువబడినను వాని పాటలను ప్రజలు పాడుకొనుచునే యుండిరి.

అచ్చటను పాటయే నాటకముకంటె ఎక్కువకాలము జీవించెను. కాని భేదమొకటి కలదు. చెకు పాటలో మాటయు వరుసయు ఒక్క భాషవి. ఆ భాషకు బడి యుండెను, లిపి యుండెను, పత్రికలుండెను. పాట బ్రతికినప్పుడు తనతోపాటు మాటను మోసికొని పోయెను. మధురలో పాట బ్రతికినది గాని, మాటను దారిలో విడిచి పోయెను.

ఉపసంహారము

దక్షిణదేశపు తెలుగువారి ఇండ్లలో పెండ్లిపాటలు, లాలిపాటలు ఇంకను వృద్ధస్త్రీల కంఠములందు కలవు. వానిని వ్రాసికొనదలచిన మనుమలు తమకు వచ్చిన తమిళ లిపిలో వ్రాసికొందురు. తమిళ లిపిలో కకార గకారములకును, తకార దకారములకును, పకార బకారములకును వేర్వేరు అక్షరములు లేవు. తమిళమున అచ్చయిన కీర్తనల పుస్తకములలో అందుచేతనే అక్షరముల ప్రక్క అంకెలు వేసి భేదము చూపుదురు. అట్టి అంకెలు ఇంటి నోటుపుస్తకములలో నుండవు. పాడి వినిపించువారున్నంతకాలము వ్రాత చాలును. వారు పోయిన పిదప ‘గడప’ యో ‘కడప’ యో చెప్పువారుండరు.

2006లో తమిళనాడున తమిళాధ్యయన శాసనము వచ్చెను. తొలితరగతినుండి క్రమముగా సాగి 2016 నాటికి పదవ తరగతివరకు తమిళము నిర్బంధమయ్యెను. అల్పసంఖ్యాక భాషలవారు న్యాయస్థానముల నాశ్రయించి కొన్ని మినహాయింపులు పొందిరి. తమిళము నేర్చుట నష్టము కాదు. ఆ భాషయందే వారి జీవనము, వారి కీర్తియు నిలిచినవి. దానితోపాటు తెలుగు లిపి నేర్చు నెలవు లేకపోవుటయే నష్టము. మధుర చరిత్ర తెలుపునదేమనగా, పాట తనంత తాను బ్రతుకగలదు; మాటకు మాత్రము ఆధారము కావలెను. మేలట్టూరు దానిని దేవాలయమునందు చూపినది, చెకు ప్రజలు బడియందు చూపిరి.

కాబట్టి తెలుగు సంఘములు చేయదగిన పని పెద్దది కాదు, కాని త్వరగా చేయవలసినది. ప్రతి యూరను వృద్ధుల పాటలను యంత్రమున ధ్వనిబద్ధము చేయించి, తెలుగు లిపిలో వ్రాయించి, ఆ ప్రతిని ఆ కుటుంబమునకే ఇచ్చి, ఇంటి పిల్లలకు ఆ పాటద్వారానే అక్షరములు నేర్పవలెను. తమిళ రంగస్థలమునకు వరుసలనిచ్చిన తెలుగు పాట, తన యింటి పిల్లలకు ఓనమాలు నేర్పలేకపోదు.